బురుజు వెలుపలి మాంటేన్: యాత్రాదినచర్య వెలుగులో వ్యాసప్రక్రియ

వ్యాససంగ్రహం: వ్యాసప్రక్రియకు ఆద్యుడుగా పేరొందిన ఫ్రెంచి రచయిత మిషెల్ ద మాంటేన్ (1533–1592) తెలుగు పాఠకులకు ఏకాంతంలో, గ్రంథాలయంలో కూర్చుని రాసిన ఆలోచనాపరుడుగానే పరిచయం. ఆయన 1580–81లో చేసిన దీర్ఘయాత్రను, ఆ యాత్రాదినచర్యను ‘ఎస్సేలు’ అనే గ్రంథపు తరువాతి కూర్పులతో పోల్చి చదివితే, ఆయన ఆలోచనాపద్ధతిలో ఒక మార్పు కనిపిస్తుంది. గ్రంథాల్లో చదివిన ఆచారాలను పక్కపక్కన పేర్చే పద్ధతి నుంచి, తన కంటితో, తన శరీరంతో పరీక్షించి చూసే పద్ధతికి ఆయన జరిగాడు. ఆ మార్పును కొన్ని ఘట్టాల ఆధారంగా నిరూపించడం, యాత్రాదినచర్యలో సగానికి దగ్గరగా రాసిన పేరు తెలియని లేఖకుడి పాత్రను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాంటేన్, ఎస్సే, వ్యాసం, యాత్రాదినచర్య, పునరుజ్జీవనం, ఆచారం, క్రౌర్యం, లేఖకుడు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వ్యాసప్రక్రియను పరిచయం చేసే పాఠాల్లో మాంటేన్ పేరు తరచుగా వస్తుంది. వచ్చినంత వేగంగానే వెళ్ళిపోతుంది. 1580లో ‘ఎస్సేలు’ ప్రచురించాడని, ఈ ప్రక్రియకు పేరు పెట్టినవాడు ఆయనేనని ఒక వాక్యం ఉంటుంది. ఆ తరువాతి వాక్యం బేకన్‌ది, దాని తరువాతిది అడిసన్‌ది. నేను పాఠం చెప్పే తరగతి గదిలోనూ చాలాకాలం ఇదే వరస నడిచింది. ఈ వరసకు చారిత్రక కారణం ఉంది. బేకన్ 1597లో పది చిన్న వ్యాసాలను అదే పేరుతో ఇంగ్లీషులో ప్రచురించాడు. 1603లో జాన్ ఫ్లోరియో మాంటేన్‌ను ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ తరువాత నూరేళ్ళకు స్పెక్టేటర్ పత్రిక వచ్చింది. మన పానుగంటివారి ‘సాక్షి’కి ప్రేరణ ఆ పత్రికే. మనకు చేరిన వ్యాసం ఇంగ్లీషు పత్రికల దారిన వచ్చింది కనుక మూలపురుషుడు పేరుగా మాత్రమే మిగిలాడు.

పేరు మారడం కూడా ఇందుకు కొంత కారణమే అనిపిస్తుంది. సామినేని ముద్దునరసింహం నాయుడు ‘హితసూచని’ (1862)లో తన రచనలను ప్రమేయాలన్నాడు. కందుకూరి వీరేశలింగం ఉపన్యాసమన్నాడు. చివరికి నిలిచినది వ్యాసం. సంస్కృతంలో వ్యాసమంటే విస్తరించి చెప్పడం, సమాసానికి ఎదురుగా నిలిచే మాట. ఫ్రెంచి ‘ఎస్సే’ మూలం వేరు. తూకం అనే అర్థమున్న ఒక లాటిన్ పదం నుంచి అది పుట్టింది. లోహం నాణ్యతను పరీక్షించడం, రాజుగారి భోజనాన్ని ముందుగా రుచి చూడడం, ఏదైనా పనికి ప్రయత్నించి చూడడం, ఇవన్నీ ఆ మాటకు ఆ కాలంలో ఉన్న అర్థాలు. ఒక విషయాన్ని విస్తరించేవాడికి ఆ విషయం ముందే తెలిసి ఉండాలి. రుచి చూసేవాడికి తెలియనవసరం లేదు. తెలిసి ఉంటే రుచి చూడనక్కరే లేదు. మనం విద్యార్థులకు నేర్పే వ్యాసం, నిర్వచనంతో మొదలై ముగింపుతో తేలిపోయేది, మొదటి అర్థానికి చెందినది. మాంటేన్ రాసినది రెండోది. ఆయనను కేవలం బురుజులో కూర్చోబెట్టి చదివినంతకాలం ఈ తేడా పట్టుబడదని నా అభిప్రాయం.

2. బురుజు దాకా

మాంటేన్ 1533 ఫిబ్రవరి 28న ఫ్రాన్సు నైరుతిభాగంలోని పెరిగోర్ ప్రాంతంలో తమ కుటుంబపు కోటలో పుట్టాడు. ఆ కోటను ఆయన ముత్తాత రామోన్ ఐకెమ్ 1477లో కొన్నాడు. వారిది బోర్డో నగరంలో చేపలు, ద్రాక్షసారా వంటివి అమ్మి గడించిన వర్తక కుటుంబం. భూమి కొన్నాక ప్రభువంశంగా మారింది. తండ్రి పియేర్ ఇటలీ యుద్ధాల్లో పాల్గొని, అక్కడి కొత్త విద్యలపై మోజుతో తిరిగివచ్చాడు. కొడుకు మీద ఆయన చేసిన ప్రయోగం ప్రసిద్ధం. ఫ్రెంచి రాని ఒక జర్మను ఉపాధ్యాయుడిని నియమించి, ఇంట్లో పనివాళ్ళతో సహా అందరూ పిల్లవాడితో లాటిన్‌లోనే మాట్లాడాలని కట్టడి చేశాడు. దాంతో ఆరేళ్ళ వయసులో బోర్డోలోని గియెన్ కళాశాలకు వెళ్ళేదాకా మాంటేన్‌కు లాటినే మాతృభాష. వాడుకలో లేని భాష ఒకరికి తల్లిభాష కావడం ఆచారబలానికి మంచి ఉదాహరణ. ఏది సహజం, ఏది అలవాటు అన్న ప్రశ్న ఆయనకు ఉగ్గుపాలనాడే మొదలైందనవచ్చు.

న్యాయశాస్త్రం చదివి బోర్డో పార్లమెంటులో, అంటే ఆనాటి ఉన్నత న్యాయస్థానంలో, సభ్యుడయ్యాడు. అక్కడే ఎతియెన్ ద లా బొయెసీతో స్నేహం కుదిరింది. 1563లో ఆ మిత్రుడు మరణించాడు. 1565లో ఫ్రాన్స్వాజ్ ద లా షసేన్‌తో వివాహమైంది. ఆరుగురు ఆడపిల్లలు పుట్టారు. బతికినది లెయొనోర్ ఒక్కతే. 1568లో తండ్రి పోయాడు. 1570లో పదవి వదులుకుని, మరుసటి సంవత్సరం తన ముప్పై ఎనిమిదో పుట్టినరోజు సందర్భంగా ఇకపై విశ్రాంతజీవనం గడుపుతానని లాటిన్‌లో గోడమీద రాయించుకున్నాడు. కోట మూలనున్న గుండ్రని బురుజులో గ్రంథాలయం, దాని దూలాల మీద గ్రీకు, లాటిన్ సూక్తులు, చుట్టూ పుస్తకాలు, ఇదే మనకు తెలిసిన మాంటేన్ చిత్రం. ఆ బురుజు బయట ఫ్రాన్సు కాథలిక్కులకు, ప్రొటెస్టంట్లకు మధ్య అంతర్యుద్ధాల్లో తగలబడుతున్నదని కూడా గుర్తుంచుకోవాలి. 1572 ఆగస్టులో పారిస్‌లో జరిగిన సెయింట్ బార్తొలొమ్యూ ఊచకోత నాటికి ఆయన రచన మొదలుపెట్టి ఎంతోకాలం కాలేదు.

1580లో బోర్డోలోని సిమోన్ మిలాంజ్ ముద్రణాలయం నుంచి ‘ఎస్సేలు’ రెండు సంపుటాలు వెలువడ్డాయి. ఆ వెంటనే, జూన్ 22న, రచయిత ఇల్లు వదిలాడు.

3. ప్రయాణం, దాని పుస్తకం

మూత్రపిండాల్లో రాళ్ళు ఆయనకు తండ్రి నుంచి వచ్చిన వ్యాధి. వైద్యుల మీద నమ్మకం లేదు. ఖనిజజలాల మీద కొంత ఆశ ఉంది. ఊరూరా ఊటనీళ్ళు తాగుతూ వెళ్ళడం యాత్రకు చెప్పుకున్న కారణం. తమ్ముడు మాటెకులోన్, యువకుడైన ఎస్తిసాక్ ప్రభువు, మరికొందరు, పనివాళ్ళు వెంట ఉన్నారు. ప్లాంబియేర్, బాజెల్, బాడెన్, లిండావ్, ఆగ్స్‌బర్గ్, మ్యూనిక్, ఇన్స్‌బ్రుక్, అక్కడినుంచి ఆల్ప్స్ దాటి వెరోనా, వెనిస్, ఫెరారా, ఫ్లోరెన్స్, నవంబరు 30న రోమ్. తరువాత లోరెటో, లూకా పట్టణం దగ్గరి ఊటనీళ్ళు. బోర్డో నగరాధ్యక్షుడుగా తనను ఎన్నుకున్నారన్న వార్త 1581 సెప్టెంబరులో ఆయనకు అక్కడే అందింది. రోమ్ మీదుగా బయలుదేరి నవంబరు 30న ఇల్లు చేరాడు. పదిహేడు నెలల ఎనిమిది రోజులని ఆయనే లెక్కవేసుకున్నాడు.

ఈ యాత్రకు సంబంధించిన దినచర్యను ఆయన ప్రచురించలేదు. సుమారు నూట ఎనభై ఏళ్ళు ఒక పెట్టెలో పడి ఉంది. 1770లో ప్రూనీ అనే మతాధికారి ఆ కోటలో ప్రాంతీయచరిత్రకు ఆధారాలు వెతుకుతుండగా దొరికింది. అప్పటికే మొదటి పుటలు లేవు. 1774లో మెనియే ద కెర్లోన్ దానిని అచ్చువేయించాడు. తరువాత రాతప్రతి మళ్ళీ కనబడకుండా పోయింది.

సాహిత్యం కోసం ఈ పుస్తకం తెరిచిన పాఠకుడికి మొదట నిరాశే ఎదురవుతుంది. ఏ సత్రంలో పరుపు ఎలా ఉంది, బల్లమీద ఏం వడ్డించారు, ఎన్ని గ్లాసుల నీరు తాగితే ఎంత బయటికి పోయింది, పడిన రాయి ఏ రంగులో ఉంది, ఇటువంటి వివరాలు పుటలకొద్దీ ఉంటాయి. చిత్రకళకు కాణాచి అయిన ఇటలీలో తిరుగుతూ చిత్రాలను గురించి ఆయన చెప్పినది చాలా తక్కువ. కళాభిమానులు ఈ విషయంలో ఆయనను క్షమించరు. కాని మాంటేన్ పరుపును వదిలి రఫాయెల్‌ను వర్ణించి ఉంటే అది అందరి యాత్రాపుస్తకమే అయ్యేది. వ్యాసరచనకు ముడిసరుకు ఏమిటో ఈ దినచర్య చూపినంతగా మరే పుస్తకమూ చూపదు.

4. పేరులేని లేఖకుడు

దినచర్యలో దాదాపు మొదటి సగం మాంటేన్ రాసినది కాదు. ఆయన వెంట వచ్చిన ఒక ఉద్యోగి రాశాడు. అందులో యజమాని ‘శ్రీ మాంటేన్’ అని ప్రథమపురుషలో కనిపిస్తాడు. అప్పుడప్పుడు లేఖకుడు ‘నేను’ అంటూ తన అభిప్రాయం కూడా చెబుతాడు. 1581 ఫిబ్రవరిలో రోమ్‌లో మాంటేన్ అతడిని పనినుంచి పంపేశాడు. కారణం చెప్పలేదు. పని ఇంతదూరం నడిచింది కనుక, తనకు ఎంత ఇబ్బంది అయినా ఇక తానే కొనసాగించాలని ఆ చోట రాసుకున్నాడు. లేఖకుడి పేరు ఎక్కడా లేదు.

యాత్రికుడుగా మాంటేన్‌ను గురించి మనం ఇష్టంగా చెప్పుకునే సంగతుల్లో చాలా భాగం ఈ పేరులేని మనిషి కలం నుంచి వచ్చినవే. దారి తిన్నగా లేదని తోటివారు విసుక్కుంటే, తాను ఎక్కడ ఉన్నాడో అక్కడికే వచ్చాననీ, దారి తప్పడానికి తనకొక దారంటూ లేదనీ ఆయన సమాధానం చెప్పేవాడట. తనవాళ్ళతో ఒంటరిగా వచ్చి ఉంటే ఇటలీకి రాకుండా క్రాకోకో, నేలదారిన గ్రీసు వైపో వెళ్ళి ఉండేవాడని లేఖకుడు ఊహిస్తాడు. రాత్రంతా నిద్రపట్టకపోయినా, తెల్లవారి చూడవలసిన కొత్త ఊరు గుర్తుకురాగానే ఉత్సాహంగా లేచేవాడని, మంచి కథ చదువుతూ అయిపోతుందేమోనని భయపడేవాళ్ళతో తనను పోల్చుకునేవాడని రాస్తాడు. ఇందులో యజమాని చెప్పి రాయించినది ఎంత, లేఖకుడు చూసి రాసినది ఎంత అన్నది పరిశోధకుల మధ్య చర్చనీయాంశమే. నొప్పితో మెలికలు తిరిగే మనిషి ఉదయాన్నే లేచి ముఖం విప్పార్చుకోవడం ఎదుటివాడికి కనిపించే దృశ్యం కనుక, ఈ చివరి వివరం చెప్పి రాయించినది కాదని నేను అనుకుంటాను.

ఆత్మచిత్రణకు ఆద్యుడనిపించుకున్న రచయిత చిత్రాల్లో అత్యంత సజీవమైనది మరొకరు గీసినది. తన పుస్తకానికి తానే విషయమని ముందుమాటలో ప్రకటించుకున్నవాడిని, ఆ మాట అచ్చయిన కొద్ది నెలలకే ఒక సేవకుడు బయటినుంచి చూసి రాశాడు. మాంటేన్‌ను ‘నేను’ అనే సర్వనామానికి పర్యాయపదంగా చదివే విమర్శ ఈ సంగతిని దాటవేయకూడదు. ఇంటి దగ్గర ఫ్రాన్స్వాజ్ విషయమూ ఇంతే. పదిహేడు నెలలు ఎస్టేటు వ్యవహారమంతా ఆమె మీద పడింది. గృహనిర్వహణే స్త్రీకి గౌరవప్రదమైన విద్య అనీ, తాను దూరంగా ఉండడం వల్ల ఆమెకు పూర్తి అధికారం చిక్కుతుందనీ మూడో సంపుటంలో ఆయన వాదిస్తాడు. ప్రతివాదాన్నీ తిప్పి చూసే అలవాటున్నవాడు ఈ ఒక్కదాన్ని మాత్రం తిప్పి చూడలేదు.

5. గదిపొయ్యి వాదన

యాత్రకు ముందు రాసిన ‘ఆచారాన్ని గురించి’ అనే వ్యాసంలో ప్రపంచంలోని వింత ఆచారాల జాబితా ఒకటి ఉంది. చనిపోయినవాళ్ళను ఏం చేస్తారు, ఎవరిని ఎవరు పెళ్ళాడతారు, ఏది తింటారు, ఏది తినరు. అన్నీ ప్రాచీనుల నుంచి, కొత్త ఖండాల చరిత్రకారుల నుంచి ఏరినవి. మనస్సాక్షి సహజమైనదని మనం అనుకుంటాం కాని అది కూడా ఆచారం నుంచే పుడుతుందని ఆయన అక్కడ సాహసంగా అంటాడు. వాదం గొప్పదే. సామగ్రి మాత్రం గ్రంథాలయానిది. జాబితా ఎంత పొడవైతే అంత దూరంగా కనిపిస్తాయి అందులోని మనుషులు.

‘నరమాంసభక్షకులను గురించి’ అనే ప్రసిద్ధవ్యాసం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. బ్రెజిల్‌లో పది పన్నెండేళ్ళు గడిపివచ్చిన ఒక సామాన్యుడు ఆయన దగ్గర ఉండేవాడు. చదువుకున్నవాళ్ళు అలంకరించి చెబుతారు కనుక ఈ సాదా మనిషి సాక్ష్యమే మేలని ఆయన అంటాడు. బతికున్న మనిషిని మతం పేరిట చిత్రహింస పెట్టేవాళ్ళకు, చచ్చినవాడిని తినేవాళ్ళను అనాగరికులనే అర్హత లేదన్నది ఆ వ్యాసపు కేంద్రవాదం. చివర రువాన్ నగరంలో తొమ్మిదో చార్లెస్ రాజు ఎదుటికి వచ్చిన ముగ్గురు బ్రెజిల్ వాసులు మాట్లాడతారు. గడ్డాలున్న బలవంతులు ఒక బాలుడికి లొంగి ఉండడమేమిటని, కొందరు కడుపునిండా తింటుంటే వాళ్ళ గుమ్మాల ముందు మరికొందరు ఆకలితో మాడుతూ ఊరుకోవడమేమిటని వాళ్ళు ఆశ్చర్యపడతారు. వాళ్ళు చెప్పిన మూడోమాట తాను మరచిపోయానంటాడు మాంటేన్. వారిలో ఒకడితో చాలాసేపు మాట్లాడాడు గాని దుబాసీ మందమతి కావడంతో సారం దక్కలేదని చింతిస్తాడు. పరాయివాడు మనల్ని తిరిగి ప్రశ్నించే ఘట్టం ఇక్కడే వచ్చినా, మధ్యలో ఒక చెడ్డ దుబాసీ, ఒక మరపు అడ్డుగా ఉన్నాయి.

యాత్రలో ఆ అడ్డు చాలావరకు తొలగింది. జర్మను ప్రాంతాల్లో గది మధ్య పొగరాని పెద్ద పొయ్యితో ఇల్లంతా వెచ్చబెడతారు. ఫ్రాన్సులో గోడలో కట్టిన నెగళ్ళ ముందు కూర్చుంటారు. జర్మను పొయ్యి తలను దిమ్మెక్కిస్తుందని, గాలిని పాడుచేస్తుందని ఫ్రెంచివాళ్ళు ఆక్షేపిస్తారు. ఆగ్స్‌బర్గ్‌లో ఒక జర్మనీయుడు ఫ్రెంచి నెగళ్ళను సరిగ్గా అదే తరహా వాదనతో ఆక్షేపించి తనకు సంతోషం కలిగించాడని మాంటేన్ తన చివరివ్యాసం ‘అనుభవాన్ని గురించి’లో రాస్తాడు. సంతోషం అన్న మాట గమనించాలి. తన దేశపు అలవాటును ఎదుటివాడు విమర్శిస్తే కలిగిన సంతోషం అది. ఇక్కడ నరమాంసం లేదు, కొత్త ఖండం లేదు, అడవిమనిషి లేడు. ఉన్నది పక్కదేశపు పెద్దమనిషి, చలికాలం, ఒక పొయ్యి. భేదం ఇంత చిన్నది కావడం వల్లనే వాదన బలపడింది. వింతను చూసి తాత్త్వికులం కావడం సులభం. పక్కింటి పొయ్యి విషయంలో తూకం సమంగా పట్టుకోవడమే కష్టం.

దినచర్యలో ఆయన ఇటువంటి పరీక్షలకు తన శరీరాన్నే ముందుకు తెస్తాడు. ఏ ఊళ్ళో ఆ ఊరి పద్ధతిలోనే వడ్డించమంటాడు. పక్షి ఈకల పరుపును కింద వేసుకోకుండా పైన కప్పుకునే జర్మను అలవాటును స్వయంగా కప్పుకుని చూస్తాడు. లిండావ్ దగ్గర ఆయన మూడు విషయాలకు చింతించాడని లేఖకుడు రాస్తాడు: అక్కడి వంటలు నేర్చుకుని ఇంటిదగ్గర వండడానికి ఒక వంటవాడిని వెంట తెచ్చుకోలేదు; ఒక జర్మను సేవకుడిని గాని, ఆ దేశపు పెద్దమనిషి సాహచర్యాన్ని గాని కుదుర్చుకోలేదు; మ్యూన్‌స్టర్ భూగోళగ్రంథం వంటి పుస్తకాలను ముందుగా చూడలేదు, పెట్టెలో పెట్టుకోలేదు. పుస్తకం మూడోస్థానంలో ఉంది. మొదటిది వంటవాడు. గ్రంథకర్తకు ఈ వరస ఎక్కడినుంచి వచ్చిందో అడగవలసిన ప్రశ్న.

లూకా ఊటనీళ్ళ దగ్గర ఈ పరీక్ష భాషదాకా వెళ్ళింది. అక్కడ ఉండగా హఠాత్తుగా దినచర్యను ఇటాలియన్‌లో రాయడం మొదలుపెట్టాడు. ఈ ఇంకో భాషను కొంచెం మాట్లాడి చూద్దామన్న అర్థంలో అక్కడ ఆయన వాడిన క్రియ ‘అస్సజ్జారె’. రుచి చూడడమని దాని అర్థం. ‘ఎస్సే’ పుట్టిన లాటిన్ మూలం నుంచే అదీ పుట్టింది. తిరుగుప్రయాణంలో మోన్ సెనీ కనుమ దగ్గర ఫ్రెంచి వినబడే నేలకు చేరాక ఆ భాషను వదిలేశాడు. ఆ ఇటాలియన్‌లో తప్పులున్నాయని పండితులు చూపారు. తప్పులకు జంకి ఉంటే రాసేవాడే కాదు. పుట్టుకతో లాటిన్ వచ్చినవాడు, నలభై ఎనిమిదేళ్ళ వయసులో విద్యార్థి స్థానంలో కూర్చోవడం ఇష్టపడ్డాడు. ఇటాలియన్‌లో రాసిన ఆ పుటల్లోనే దివిజియా అనే పేద పల్లెటూరి స్త్రీ కనిపిస్తుంది. చదవడం, రాయడం రాదు. మేనమామో పినతండ్రో అరియోస్తో కావ్యాన్ని చదువుతుండగా విని విని కవిత్వం అబ్బింది. అడిగిందే తడవుగా పద్యాలు అల్లేది. మనం ఆశుకవిత్వమంటామే, అదే. మాంటేన్ ఆమెను తన బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టాడు.

6. కటేనా

యాత్రకూ గ్రంథానికీ ఉన్న సంబంధాన్ని చూపడానికి ఒక్క ఘట్టమే ఎంచుకోవలసి వస్తే కటేనా ఘట్టాన్ని ఎంచుకుంటాను.

1580 నాటి తొలికూర్పులోనే ‘క్రౌర్యాన్ని గురించి’ అనే వ్యాసం ఉంది. న్యాయం పేరిట విధించే శిక్షలోనైనా, కేవలం ప్రాణం తీయడాన్ని మించినదంతా శుద్ధక్రౌర్యమే అన్నది అందులోని స్థాపన. నేరస్థులను బతికుండగా హింసించి చంపడం ఐరోపా అంతటా మామూలైన కాలంలో ఇది చిన్నమాట కాదు. జనానికి భయం కలగాలంటే ఆ కఠినత్వాన్ని శవాల మీద చూపమని కూడా సూచించాడు. ఇది ఊహతో కట్టిన ప్రతిపాదన.

1581 జనవరి 11న రోమ్‌లో గుర్రం మీద వెళుతుండగా కటేనా అనే పేరుమోసిన బందిపోటు మరణశిక్ష ఎదురుపడింది. మాంటేన్ ఆగి చూశాడు. లేఖకుడు దినచర్యలో ఆ ఊరేగింపును, నేరస్థుడి ముఖానికి ఎదురుగా పట్టుకున్న క్రీస్తు చిత్రాన్ని, వెంట నడిచిన ముసుగు ధరించిన సోదరసంఘంవాళ్ళను వివరంగా రాశాడు. గొంతు బిగించి చంపినప్పుడు జనం చలించలేదు. తరువాత ఆ శవాన్ని నాలుగు ముక్కలుగా నరుకుతుంటే ప్రతివేటుకూ జాలితో అరిచారు. బాధ లేని శరీరం మీద పడిన దెబ్బకు జనం బాధపడ్డారు.

ఊహించిన ప్రతిపాదనకు బజారులో రుజువు దొరికింది. మాంటేన్ ఏం చేశాడో చూడాలి. మార్చి నెలలో పోపు ఆస్థానపు గ్రంథపరిశీలకులు ఆయన ‘ఎస్సేలు’ తిరిగి ఇస్తూ కొన్ని అభ్యంతరాలు చెప్పారు. దైవసంకల్పం అనవలసినచోట అదృష్టం అనే మాట వాడడం, మతద్రోహులైన కవులను పేర్కొనడం, క్రైస్తవాన్ని విడిచిన జూలియన్ చక్రవర్తిని సమర్థించడం మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. కేవల మరణాన్ని మించినది క్రౌర్యమన్న మాట కూడా ఉంది. సవరణలను చివరికి ఆయన విచక్షణకే వదిలిపెట్టారు. ఆయన ఇంటికి తిరిగివచ్చి, 1582లో రెండోకూర్పు తెచ్చాడు. ‘ప్రార్థనలను గురించి’ అనే వ్యాసం మొదట చర్చి తీర్పుకు తలవంచుతున్నానని ఒక పేరా చేర్చాడు. అదే కూర్పులో ‘క్రౌర్యాన్ని గురించి’లో కటేనా ఘట్టాన్ని చేర్చాడు. ఒకచోట వినయం, మరొకచోట ఆక్షేపించిన వాదానికే అదనపు సాక్ష్యం, అదీ పోపు నగరం నుంచి తెచ్చినది. అదృష్టం అనే మాటను తీసేయలేదు. తరువాత మూడో సంపుటంలో, మతద్రోహి అయిన కవిని ఉత్తమకవుల్లో చేర్చినందుకు పుస్తకాన్ని తప్పుపట్టే హక్కు అధికారికి ఇవ్వనన్నాడు. మాంటేన్‌ను రాజీమనిషిగా, మతవిషయాల్లో జాగరూకుడైన సంప్రదాయవాదిగా మాత్రమే చూసే విమర్శకులు ‘ప్రార్థనలు’ పేరాను చూపుతారు. దాని పక్కనే కటేనా చేర్పును కూడా పెట్టి చదవాలి.

ఇంకొక సంగతి. దినచర్యలో ఈ దృశ్యం లేఖకుడి చేతిరాతలో ఉంది. ‘ఎస్సేలు’లో అది ‘నాకు ఒకనాడు రోమ్‌లో ఎదురైంది’ అన్న తీరులో మారింది. సేవకుడి వాక్యం యజమాని ఉత్తమపురుషలోకి వచ్చి చేరింది. ఊరేగింపు, ముసుగులు, చిత్రం పోయాయి. జనం మౌనం, జనం అరుపు మిగిలాయి. వ్యాసానికి కావలసినది ఆ రెండే. దృశ్యాన్ని వివరించడం దినచర్య చేసింది, దాన్ని తూచడం వ్యాసం చేసింది.

దీన్నిబట్టి దినచర్య ‘ఎస్సేలు’కు రాసుకున్న చిత్తుప్రతి అని మాత్రం అనుకోకూడదు. ఫెరారాలో మతిచలించి నిర్బంధంలో ఉన్న మహాకవి టాసోను చూశానని 1582 కూర్పులో మాంటేన్ చేర్చాడు. తనను తాను గుర్తించలేని, తన కావ్యాలను గుర్తించలేని స్థితిలో ఆ కవి ఉంటే జాలికంటె చిరాకు ఎక్కువ కలిగిందంటాడు. దినచర్య ఫెరారా పుటల్లో టాసో ఊసే లేదు. లేఖకుడు వెంట వెళ్ళలేదో, మాంటేన్ చెప్పలేదో. అటునుంచి ఇటు చూస్తే, 1581 జనవరి 30న రోమ్‌లో ఒక యూదుల ఇంట జరిగిన సున్తీ కర్మను దినచర్య ఎంతో శ్రద్ధగా, ఒక్క నిందావాక్యమైనా లేకుండా వర్ణిస్తుంది. ‘ఎస్సేలు’లోకి ఆ దృశ్యం రాలేదు. మాంటేన్ తల్లి ఆంత్వానెత్ ద లూప్ వంశం స్పెయిన్‌లో మతం మార్చుకున్న యూదుల నుంచి వచ్చినదని చరిత్రకారులు చెబుతారు. తండ్రిని అడుగడుగునా తలచుకునే ‘ఎస్సేలు’లో తల్లి దాదాపు కనిపించదు. ఈ రెండు మౌనాలకూ ముడి వేయడానికి ఆధారం చాలదు. పక్కపక్కన ఉన్నాయని మాత్రం చెప్పవచ్చు.

7. పౌరసత్వపత్రం

యాత్రను గురించి మాంటేన్ తానుగా అచ్చువేసినదాంట్లో ముఖ్యమైనది 1588 కూర్పుతో వచ్చిన మూడో సంపుటంలోని ‘వ్యర్థతను గురించి’ అనే సుదీర్ఘవ్యాసం. అప్పటికి రెండు విడతలు, 1581 నుంచి 1585 దాకా, బోర్డో నగరాధ్యక్షపదవి నిర్వహించి ఉన్నాడు. ఆ కాలంలో కాథలిక్ అధికారులకు, ప్రొటెస్టంట్ నవార్ రాజు హెన్రీకి మధ్య మాట నడిపినవాడుగా ఇరుపక్షాల అనుమానాన్నీ భరించాడు. పరాయిదేశంలో పరాయివాడి పొయ్యిని నిందించకుండా ఉండగలిగిన అలవాటు ఆయనకు ఈ పనిలో ఉపయోగపడలేదని అనుకోలేం.

ఈ వ్యాసం రచనావిధానమే ప్రయాణంలా ఉంటుంది. వ్యర్థతను గురించి మొదలై, ఇంటి నిర్వహణలోని చికాకులు, అంతర్యుద్ధంలో తలుపు తెరచి బతకడం, స్నేహం, దూరదేశంలో చావు, రోమ్, ఇలా దారి మారుతూ పోతుంది. అజాగ్రత్తగా చదివే పాఠకుడే విషయాన్ని పోగొట్టుకుంటాడు గాని తాను పోగొట్టుకోనని ఆయన మధ్యలో హెచ్చరిస్తాడు. కుడివైపు బాగాలేకపోతే ఎడమవైపు వెళతానని, ఏదైనా చూడకుండా వదిలేస్తే వెనక్కి వస్తానని, సరళరేఖ అంటూ గీసుకోనని ప్రయాణవిధానాన్ని వర్ణించేచోట అది తన రచనావిధాన వర్ణన కూడా అవుతుంది. విదేశాల్లో తన దేశస్థులు ఒకచోట గుమిగూడి అక్కడి ఆచారాలను వెక్కిరించడం చూసి సిగ్గుపడతానంటాడు. సిసిలీలో గాస్కనీవాళ్ళను వెతకనని, వాళ్ళు ఇంటిదగ్గర కావలసినంతమంది ఉన్నారని అంటాడు. ఎనిమిదేళ్ళ కింద లేఖకుడు దారిలో విన్న మాటలకు ఇవి దగ్గరిచుట్టాలు.

ఆ వ్యాసం చివరలో ఒక పత్రం పూర్తిపాఠం ఉంది. 1581లో రోమ్ సెనేటు మాంటేన్‌కు ఇచ్చిన పౌరసత్వపత్రం అది. దానికోసం ఆయన గట్టిగా ప్రయత్నించాడని, పోపు కార్యాలయంలోని ఒక పెద్ద అధికారి సహాయంతో సాధించాడని దినచర్యలో స్వహస్తంతో రాసుకున్నాడు. అది ఉత్తి బిరుదేనని, అయినా పొందినందుకు చాలా ఆనందమైందని కూడా ఒప్పుకున్నాడు. వ్యర్థతను గురించి అంత పొడవున రాసినవాడు, తన వ్యర్థతకు రుజువుగా ఆ లాటిన్ పత్రాన్ని సంతకాలతో సహా యథాతథంగా అచ్చువేయించాడు. ఏ నగరానికీ పౌరుడిని కాని తాను, అన్ని నగరాల్లోకీ గొప్పదానికి పౌరుడనైనందుకు సంతోషిస్తున్నానంటాడు. ఎవరికైనా చూడాలన్న కుతూహలం ఉంటే చూసుకోవచ్చని పత్రాన్ని మన ముందు పెడతాడు.

పత్రంలో బిరుదులతో ఆయన పేరు ఉంది, దానిని జారీచేసిన అధికారుల పేర్లు ఉన్నాయి. పత్రం వచ్చింది వసంతకాలంలో. పెరిగోర్ నుంచి రోమ్ దాకా దారినంతా కాగితం మీద పెట్టిన లేఖకుడు అప్పటికి కొలువులో లేడు.